అంబులెన్సులో ఈఎంటీ: శిక్షణలో నేర్చేది ఏమిటి, చట్టం కోరేది ఎంత

108కు ఫోను చేస్తే వచ్చే వాహనంలో సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు వాహనం నడిపేవారు. ఆ సేవలో వారిని పైలట్ అంటారు. రెండవవారు రోగి పక్కన కూర్చునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, క్లుప్తంగా ఈఎంటీ. కంగారులో ఉన్న బంధువులు ఈ రెండవ వ్యక్తిని డాక్టరుగారనే పిలుస్తారు. కానీ ఈఎంటీ డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఆసుపత్రి చేరేలోపు ప్రాణం నిలపడానికి అవసరమైన చికిత్స చేయడం, తన పరిధి దాటకపోవడం ఈఎంటీ బాధ్యత. ఇంతటి బాధ్యతకు ఎంతకాలం శిక్షణ ఉండాలన్న ప్రశ్నకు దేశంలో చట్టబద్ధమైన సమాధానం లభించి కొన్నేళ్లే అయింది.

చాలాకాలం పాటు మన దేశంలో అంబులెన్సు అంటే రోగిని పడుకోబెట్టి తీసుకెళ్లే బండి మాత్రమే. ఆ భావన మారడంలో హైదరాబాదుకు ముఖ్యమైన స్థానం ఉంది. 2005 ఆగస్టు 15న ఈఎంఆర్ఐ సంస్థ అక్కడ ప్రారంభించిన 108 సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించి, తర్వాత గుజరాత్ మొదలైన రాష్ట్రాలకు చేరింది. వాహనాలు సమకూర్చుకోవడం కన్నా వాటిలో పనిచేయగల మనుషులను తయారు చేసుకోవడమే కష్టమైన పని. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అత్యవసర వైద్య నిపుణుల సహకారంతో ఆ సంస్థ రెండేళ్ల పారామెడిక్ కోర్సును ఆరంభించింది.

శిక్షణలో తొలి పాఠం రోగికి సంబంధించినది కాదు. ప్రమాద స్థలంలో తెగిపడిన విద్యుత్ తీగ ఉందా, పెట్రోలు కారుతోందా, వెనుక నుంచి లారీలు వస్తున్నాయా అని చూసుకున్న తర్వాతే కిందికి దిగాలి. రక్షించబోయినవారే గాయపడితే అవసరమయ్యే అంబులెన్సులు రెండవుతాయి. ఆ తర్వాత ధారగా కారుతున్న రక్తాన్ని ఆపడం, శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ ఒక క్రమంలో పరీక్షించడం నేర్పుతారు. గుండె ఆగినవారికి చేసే సీపీఆర్‌ను బొమ్మపై సాధన చేయిస్తారు. పెద్దవారికైతే ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు అందించాలి. రెండు నిమిషాలకే చేతుల్లో పట్టు తగ్గుతుంది కనుక మనిషి మారాలి. ఈ సంగతి పుస్తకం కన్నా భుజాల నొప్పి బాగా నేర్పుతుంది.

చేయకూడని పనుల గురించి కూడా అంతే శ్రద్ధగా బోధిస్తారు. కారులో ఇరుక్కున్న వ్యక్తిని జాలిపడి చేయిపట్టి లాగితే మెడ ఎముకలకు దెబ్బ తగిలి ఉన్నప్పుడు వెన్నుపాము దెబ్బతినవచ్చు. పాము కాటేసిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. అయితే పల్లెల్లో చాలాసార్లు అంబులెన్సు వచ్చేసరికే కట్టు కట్టేసి ఉంటుంది. దాన్ని తొందరపడి విప్పకుండా వైద్యుని సలహా తీసుకోవాలి. కాటు పడిన కాలును లేదా చేతిని కదలనీయకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తరలించాలి.

108 అనగానే రోడ్డు ప్రమాదాలే గుర్తుకు వచ్చినా, ఆ సేవకు వచ్చే పిలుపుల్లో గర్భిణుల కోసం చేసేవి పెద్ద సంఖ్యలో ఉంటాయి. అందువల్ల కాన్పు చేయడం ఈఎంటీ శిక్షణలో ప్రధాన భాగం. ఏజెన్సీ గ్రామాల నుంచి డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన తల్లికి ఆసుపత్రి దాకా వ్యవధి లేకపోవచ్చు. అప్పుడు వాహనాన్ని పక్కకు ఆపించి, అందులోని కాన్పు కిట్‌తోనే పని జరపాలి. బిడ్డను పొడిగా తుడిచి, తల్లి గుండెలపై ఉంచి, వెచ్చగా కప్పాలి. తుడిచినా, వీపు నిమిరినా ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోపే సంచీ, మాస్కుతో గాలి అందించాలి. బిడ్డ ఏడ్వగానే అందరూ ఊరట చెందుతారు, కానీ ఈఎంటీ దృష్టి తల్లి రక్తస్రావం మీదే ఉండాలి. కాన్పు తర్వాత తల్లుల ప్రాణాలు తీసే కారణాల్లో అధిక రక్తస్రావం ముఖ్యమైనది. గర్భాశయం గట్టిపడేలా పొత్తికడుపుపై మర్దన చేయడం, వైద్యుని సూచనపై మందు ఇవ్వడం శిక్షణలో నేర్పుతారు.

ఆ సూచన వచ్చేది ఫోనులో. కాల్ సెంటర్‌లో ఉండే వైద్యునికి రోగి కనిపించరు, ఈఎంటీ మాటలే ఆధారం. నాడి, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ శాతం, 3 నుంచి 15 వరకు లెక్కించే స్పృహ స్థాయి, ఇవన్నీ తడబడకుండా చెప్పగలగాలి. పక్షవాతం అనుమానం ఉంటే రోగి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం అడిగి రాసుకోవాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి కనుక, ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆసుపత్రిలో వైద్యులు ఆ చికిత్స చేయలేకపోవచ్చు. చివరగా రోగిని అప్పగిస్తూ ఇచ్చే నివేదిక అటు చికిత్సకు, ఇటు న్యాయస్థానానికీ ఉపయోగపడే పత్రం.

ఈ ఉద్యోగంలో బేసిక్, అడ్వాన్స్‌డ్ అనే స్థాయులు ఉన్నాయి. వాహనాలకు ప్రమాణాలు ముందే వచ్చాయి. ఏఐఎస్-125 పేరుతో రోడ్డు అంబులెన్సులను నాలుగు రకాలుగా విభజించిన నిబంధనలు 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయపడిన తర్వాతి తొలి గంటను గోల్డెన్ అవర్‌గా నిర్వచించింది. లోపల కూర్చునే మనిషి అర్హతల విషయం మాత్రం 2021 దాకా ఆగింది. ఆ ఏడాది వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది. ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణుల డిప్లొమా లేదా డిగ్రీ రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2000 గంటలు ఉండాలి.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఇప్పటికే రోడ్ల మీద ఉన్న ఈఎంటీలలో చాలామంది వారాలు, నెలల నిడివి గల కోర్సులతో చేరినవారు. కాంట్రాక్టు పద్ధతిలో ఏళ్ల తరబడి పనిచేసి, ఎన్నో కాన్పులు చేసినవారికి 2000 గంటల చదువు కాగితంపై కనిపించదు. వారి అనుభవానికి విలువ కట్టకుండా పక్కన పెడితే సేవే కుంటుపడుతుంది. పరీక్ష లేకుండా అందరినీ అంగీకరిస్తే చట్టం తెచ్చిన ఉద్దేశం నెరవేరదు.

కొత్తగా చేరదలచిన విద్యార్థులు, ముఖ్యంగా ఇంటర్‌లో బైపీసీ చదివినవారు, రుసుము కట్టేముందు ఆ కోర్సుకు గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏదో అడగాలి. క్యాజువాలిటీలోనూ, నడుస్తున్న అంబులెన్సులోనూ ఎన్ని గంటల అనుభవం ఇస్తారో కూడా తెలుసుకోవాలి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక కూడా చదువు పూర్తి కాదు. సీపీఆర్ నైపుణ్యం సాధన లేకపోతే నెలల్లోనే తగ్గిపోతుంది కనుక, సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మళ్లీ బొమ్మ ముందు మోకరిల్లి పరీక్ష ఇవ్వాల్సి ఉంటుంది.