గుండెలో దాగిన దారి

చిక్కడపల్లి పెద్దరోడ్డును మరమ్మతు కోసం మూసివేస్తే స్కూటరువాళ్లు ఊరుకోరు. ఏ సందులోనుంచో దూరి అవతల తేలుతారు. గుండెలో ప్రవహించే విద్యుత్తు సంగతి కూడా ఇంచుమించు ఇట్టిదే.

ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తాన్ని తెచ్చే సిరల మొదళ్లలో పుట్టే అకాలస్పందనలే తరచు కర్ణికలు లయ తప్పి కంపించడానికి కారణమని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు చూపించారు. అప్పటి నుంచి, కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా గుండెలోనికి పంపి, ఆ సిరల చుట్టూ ఉన్న కండరాన్ని కాల్చి దారి మూసివేయడం వాడుకలోకి వచ్చింది. అయితే వేడి తగిలిన కణాలన్నీ చావవు. కొన్ని మూర్ఛపోయి పడి ఉంటాయి. ఆనాటికి దారి మూసుకున్నట్లే కనిపిస్తుంది. కొన్నాళ్లకు అవి తేరుకుంటే జబ్బు తిరగబెడుతుంది. మూర్ఛ ఏదో, మరణం ఏదో అక్కడికక్కడే తేల్చే పరీక్ష కావాలి గదా!

ఆ పరీక్షకు వాడే మందు చరిత్ర భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారితో ముడిపడి ఉన్నది. అమెరికా చేరిన ఆయన, హార్వర్డ్ వైద్యకళాశాలలో ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతల వెంటనే పోయి, 1929లో కండరంలో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. దానినే ఎ.టి.పి. అంటారు. జర్మనీలో లోమన్ కూడా ఆ ఏడే విడిగా దానిని కనుగొన్నాడు. విచిత్రమేమంటే, అదే 1929లో కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జీ అనువారు గుండె కండరం నుంచి తీసిన రసాన్ని జంతువుల రక్తంలోనికి ఎక్కించి చూశారు. గుండె వేగం తగ్గింది. అది అడినోసిన్ జాతి పదార్థాల పని అని తేలింది.

ఎ.టి.పి. రక్తంలో పడగానే విరిగి అడినోసిన్ అవుతుంది. దాని ప్రభావం కొన్ని సెకండ్లే. ఆ కాస్త వ్యవధిలో అది కణపు పొరలోని పొటాసియం ద్వారాలను తెరుస్తుంది. పొర విద్యుత్ స్థితి కుదుటపడి, మూర్ఛిల్లిన కణం క్షణకాలం లేచి విద్యుత్తును దాటిస్తుంది. చచ్చిన కణం లేవదు. ఈ విధంగా దాగిన దారి బయటపడుతుందని 2004లో జర్మనీలో ఆరెంట్స్ బృందం ప్రకటించింది. సుబ్బారావుగారు 1948లోనే గతించారు. కాథెటర్‌తో మనుషుల గుండెలో దారి మూయడం 1980 దశకంలో గాని మొదలు కాలేదు.

ఇంతటితో తగవు తీరలేదు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, 534 మందికి అడినోసిన్ ఇవ్వగా 284 మందిలో దాగిన దారి కనిపించింది. దానిని మళ్లీ కాల్చినవారిలో నూటికి 69 మంది, కాల్చక వదిలినవారిలో 42 మంది ఏడాదిపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అదే ఏడు జపానులో 2,113 మందిపై ఎ.టి.పి.తోనే చేసిన పరిశోధనలో, పరీక్ష చేసినా చేయకపోయినా ఫలితం దాదాపు ఒక్కటే! రెండూ ఒకే ప్రశ్న వేయలేదని నాకు తోస్తుంది. మొదటిది దారి బయటపడినవారిని మాత్రమే రెండు జట్లు చేసి పోల్చింది. రెండవది రోగులందరినీ పోల్చింది. అక్కడ పరీక్ష జరిగినవారిలో నూటికి సుమారు 28 మందికే దారి కనిపించింది.