మెడికల్ షాపు రిజిస్టర్‌లో లేని పేజీ

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే కాదు. మన ఊరి మెడికల్ షాపుకి కూడా ఒక చరిత్ర ఉంది. ఇవాళ ఆ ముచ్చట చెప్పుకుందాం.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. తుంగతుర్తిలో ఒక మెడికల్ షాపు. పక్క ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. మోకాళ్ల నొప్పులు. సూర్యాపేటలో డాక్టర్ రాసిన చీటీ చేతిలో ఉంది. అందులో డైక్లోఫెనాక్ గోళీలు రాసి ఉన్నాయి. కానీ అవ్వ సర్కారు దవాఖానలో ఇచ్చే బీపీ గోళీలు రోజూ వేసుకుంటుంది. ఆ సంగతి చీటీలో లేదు. ఇలాంటి నొప్పి గోళీలు బీపీని పెంచగలవు. కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. మరి కౌంటర్ వెనక ఉన్న ఫార్మసిస్ట్‌కి ఈ విషయం తెలిసేదెలా?

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు మన దేశంలో మందు పేరుతో ఎవరు ఏది అమ్మినా అడిగే దిక్కు లేదు. 1930లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మందుల మీద చట్టం ఉండాలి, మందులిచ్చే మనిషికి చదువు ఉండాలి అని ఆ కమిటీ చెప్పింది. 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. అది బ్రిటిష్ ఇండియాకి. అప్పుడు మనం నిజాం పాలనలో ఉన్నాం కదా! హైదరాబాద్ రాష్ట్రానికి ఆ చట్టం వర్తించింది 1951లో. ఈలోగా 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఉండాలన్న నియమం దానిదే.

తర్వాత లెక్కలు పెరిగాయి. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు లాంటివి అమ్మితే డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చారు అన్నీ వేరే రిజిస్టర్‌లో రాయాలి. మూడేళ్లు దాచాలి. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, తయారుచేసిన కంపెనీ కనిపిస్తాయి. నకిలీ మందుల్ని పట్టుకోవడానికి ఇది మంచి ఆయుధం.

కానీ ఒకటి గమనించారా? ఈ లెక్కలన్నీ మందు గురించే. షాపులో ఏం అమ్మారో చెప్తాయి. అవ్వ ఇప్పటికే ఏం వేసుకుంటుందో చెప్పవు. రిజిస్టర్‌లో లేని పేజీ అదే!

ఎస్టోనియా అనే చిన్న దేశం 2010లోనే చీటీలను ఆన్‌లైన్ చేసింది. పేషెంట్ ఐడీ కార్డు చూపిస్తే చాలు, డాక్టర్ రాసిన చీటీ ఫార్మసిస్ట్ స్క్రీన్ మీదికి వస్తుంది. మన దగ్గర 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది. 14 అంకెల ఆభా నంబరు దాంట్లో భాగం. మన అనుమతితోనే మన రికార్డులు వేరేవాళ్లకి కనిపించాలి అన్నది దాని పద్ధతి. ఊరి షాపులో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి ఈ అనుమతి చాలా ముఖ్యం. ఎవరికి ఏ రోగమో ఊరంతా తెలియాల్సిన పని లేదు కదా!

అయితే నంబరు ఉంటే సరిపోదు. దవాఖాన, డాక్టర్, మెడికల్ షాపు ముగ్గురూ అందులో రాస్తేనే ఆ పేజీ నిండుతుంది. అప్పటిదాకా ఆ పని మనమే చేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే గోళీల స్ట్రిప్పులన్నీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొత్త మందు కొనేటప్పుడు ఫార్మసిస్ట్‌కి చూపించి, "ఇవి కూడా వేసుకుంటున్నారన్నా, కలిపి వాడొచ్చా?" అని అడగండి. మందు పడకపోతే ముందు డాక్టర్‌కి చూపించండి. తర్వాత 1800-180-3024కి ఫోన్ చేసి రిపోర్ట్ చేయొచ్చు, ఫ్రీ.

ఎనభై ఏళ్లకు పైగా చట్టాలు మందుని గమనిస్తూ వచ్చాయి. ఇక మనిషిని కూడా చూడాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!