లోహభస్మము – పరీక్ష

భస్మమనగానే మనము కండ్లకద్దుకొందుము. విభూతి సంగతి వేరు. కడుపులోనికి పుచ్చుకొను లోహభస్మమును గూర్చి మన పూర్వులు అంత తొందరపడలేదు. సుశ్రుతుడు అయస్కృతిని చెప్పుచు, పలుచని ఇనుపరేకులకు లవణములు పూసి, పిడకల నిప్పులో కాల్చి, త్రిఫలాది కషాయములో 16 మార్లు చల్లార్చి, మరల చండ్రనిప్పులలో కాల్చి, పొడిచేసి, దట్టమైన గుడ్డతో జల్లింపుమనెను. ఒక్క ఇనుమునకే ఇంత శ్రమ! పాదరసమునకు విషదోషము కలదని రసగ్రంథములే ఒప్పుకొన్నవి. కనుకనే భస్మము నీటిపై తేలవలెననియు, వ్రేలిగీతలలో ఇమిడిపోవలెననియు, తిరిగి లోహము కారాదనియు పరీక్షలు విధించిరి.

అయినను సీసపు విషమును ఈ పరీక్షలు పూర్తిగా పట్టియీయజాలవు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములలో 14 యందు సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటియైనను ఉన్నట్లు 2004లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. క్షేత్రములలో పేరులేని పొట్లములందు భస్మమమ్మువానిని, ఏ ప్రయోగశాల పరీక్షించినదని మనలో ఎందరము అడుగుచున్నాము?