లాగ్‌బుక్‌కి రెండో ప్రతి

హామ్ రేడియోలో ఒక కాంటాక్టు ముగిశాక మిగిలేది లాగ్‌లో ఒక్క వరుస. అవతలివాళ్ల కాల్‌సైన్, తేదీ, యూటీసీ సమయం, బ్యాండు, మోడ్, ఇచ్చిపుచ్చుకున్న సిగ్నల్ రిపోర్టులు, అంతే. ఆ వరుస పోతే మాట్లాడామని చూపడానికి మన దగ్గర ఏమీ ఉండదు. కానీ అదే వరుస అవతలివాళ్ల పుస్తకంలోనూ ఉంటుంది. నూరేళ్లుగా లాగ్‌లను కాపాడుకోవడానికి హాములు చేసిన ప్రయత్నాలన్నీ ఈ రెండో ప్రతి చుట్టూనే తిరిగాయని నా అభిప్రాయం.

మొదట్లో లాగ్ రాసింది సర్కారు కోసం. ఎవరి ట్రాన్స్‌మిటర్ ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేసిందో అధికారులు అడిగితే చూపాల్సి వచ్చేది. బ్రిటన్‌లో అయితే విడి కాగితాలు కుదిరేవి కావు, కుట్టిన పుస్తకంలోనే రాయాల్సి వచ్చేది. దానికి నకలు కావాలంటే కూర్చుని మళ్లీ రాసుకోవడమే. ఎంతమందికి ఓపిక ఉంటుంది? మన ఊళ్లలో దీనికి తోడు వాన చెమ్మ, చెదలు.

కాంటాక్టు జరిగిందని ధ్రువపరుస్తూ అవతలివాళ్లు పంపే, పోస్టుకార్డంత ఉండే క్యూఎస్‌ఎల్ కార్డు ఈ లోటును కొంత తీర్చింది. అమెరికా హాముల సంఘం ఏఆర్ఆర్ఎల్ 1937లో డీఎక్స్‌సీసీ పురస్కారం ప్రకటించింది. నూరు దేశాలతో మాట్లాడినట్టు రుజువు చూపాలి, ఆ రుజువు సొంత లాగ్ కాదు, అవతలివాళ్లు పంపిన కార్డు. రెండో ప్రపంచ యుద్ధంలో హాముల ప్రసారాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక డీఎక్స్‌సీసీ లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టి, 1945 నవంబరు 15 నుంచి చేసిన కాంటాక్టులకే విలువ ఇచ్చారు. లాగ్‌బుక్ కాలిపోయినా తడిసిపోయినా, అట్టపెట్టెలో దాచిన కార్డుల నుంచి కొంతైనా తిరిగి రాసుకోవచ్చు. కొంతే, ఎందుకంటే అందరూ కార్డు పంపరు. కార్డులను కలిపి చేరవేసే బ్యూరోల ద్వారా వచ్చేవి చేరడానికి ఏళ్లు పట్టిన సందర్భాలూ ఉన్నాయి.

1980ల తొలి భాగంలో అమెరికాలో లాగ్ రాయాలన్న నిబంధన చాలావరకు పోయింది. అయినా హాములు రాయడం మానలేదు. అప్పటికే లాగ్ వాళ్ల సొంత జ్ఞాపకంగా మారింది. ఆ దశకంలోనే ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. కెన్ వుల్ఫ్ అనే హామ్ రాసిన సీటీ అనే డాస్ ప్రోగ్రామ్ హాముల పోటీల్లో కాగితాన్ని దాదాపు పక్కకు నెట్టేసింది. ఫ్లాపీలో కాపీ తీసుకోవడం నిమిషం పని. కానీ కొత్త ప్రమాదం మొదలైంది. ఒక్కో ప్రోగ్రామ్ తన సొంత పద్ధతిలో ఫైలు రాసేది. రాసినాయన దాన్ని వదిలేస్తే, ఫ్లాపీ చెక్కుచెదరకపోయినా లోపలి లాగ్ చదివే దిక్కు ఉండదు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు 1996లో వచ్చిన ఏడీఐఎఫ్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి అంటాను. అది మామూలు టెక్స్ట్ ఫైలు. కోణపు బ్రాకెట్ల మధ్య వివరం పేరు, దాని అక్షరాల సంఖ్య, ఆ వెంటనే అసలు విలువ, ప్రతి కాంటాక్టు చివర ముగింపు గుర్తు. ఇంత సాదాగా ఉంది కాబట్టే ఏ లాగింగ్ ప్రోగ్రామైనా దాన్ని రాయగలదు, చదవగలదు. ఏ ప్రోగ్రామూ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మనమే చదువుకోవచ్చు. ప్రోగ్రామ్ డేటాబేస్ ఫైలును ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవడమూ అవసరమే. కానీ పాతికేళ్ల తర్వాత కూడా చదవగలిగే ప్రతి కావాలంటే ఏడీఐఎఫ్‌దే.

2003లో ఏఆర్ఆర్ఎల్ లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ ప్రారంభించింది. ఇద్దరూ తమ లాగ్‌లను డిజిటల్ సంతకంతో పంపుతారు. కాల్‌సైన్లు, బ్యాండు, మోడ్ సరిపోయి, సమయాల మధ్య తేడా 30 నిమిషాలు మించకపోతే కాంటాక్టు ధ్రువపడుతుంది. కాగితం కార్డు చేసిన పనిని సర్వర్ చేస్తుంది. దీన్ని చూసి చాలామంది తమ లాగ్‌కు ఇక వేరే బ్యాకప్ అక్కర్లేదనుకున్నారు. అది పొరపాటు. సిగ్నల్ రిపోర్టులు, అవతలి మనిషి పేరు, మనం రాసుకున్న వ్యాఖ్యలు అక్కడ దాచరు. పురస్కారానికి కావలసినంతే ఉంచుతారు.

ఆ మరుసటి ఏడాది అండమాన్‌లో జరిగింది తెలుగువాళ్లకు దగ్గరి సంగతి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారాలు ఏర్పాటు చేసింది. వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో భారతి ప్రసాద్ మాట్లాడారు. ఏళ్ల తరబడి గాలిలో వినిపించని చోటు కాబట్టి ప్రపంచమంతా ఎగబడింది, వేలాది కాంటాక్టులు జరిగాయి. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ జట్టు వెంటనే అత్యవసర సందేశాల పనిలో పడి, ద్వీపాల క్షేమవార్తలు బయటికి చేరవేసింది. ప్రాణాలు పోతున్న వేళ లాగ్ గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించకూడదు కూడా. మారుమూల దీవులకు వెళ్లే జట్లు ఇప్పుడు వీలైతే ఏ రోజు లాగ్‌ను ఆ రోజే ఉపగ్రహ లింకుతో బయటికి పంపుతున్నాయి. ఆ పని అలవాటుగా జరిగిపోతేనే ఆపద నాడు ఆ బెంగ ఉండదు.

2017లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ వచ్చాక కాంటాక్టులు కుప్పలుగా పెరిగాయి. 15 సెకన్ల వంతులతో నిమిషం, నిమిషంన్నరలో ఒకటి అయిపోతుంది. దాన్ని నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్, ప్రతి కాంటాక్టునూ తనవంతుగా ఒక ఏడీఐఎఫ్ ఫైలులో రాసిపెడుతుంది. ప్రధాన లాగ్ పాడైనప్పుడు అది ఆదుకుంటుంది. చాలామంది లాగ్ ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేసి ఊరుకుంటారు. నాకది నమ్మకం కలిగించదు. ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, తెరిచి ఉన్న డేటాబేస్ ఫైలు సగంలో కాపీ అయితే పనికిరాకుండానూ పోవచ్చు. తేదీ వేసి, విడిగా తీసిన ప్రతే ప్రతి.

2024 మే నెల మధ్యలో ఏఆర్ఆర్ఎల్ కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సంస్థ చివరికి పది లక్షల డాలర్లు చెల్లించింది. లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్‌లోని సమాచారం చెడిపోలేదు గానీ, సర్వర్ ఆరు వారాల పైచిలుకు మూతపడింది. జులై 1న తిరిగి తెరుచుకున్నాక, ఆ మధ్య కాలంలో జరిగిన కాంటాక్టులన్నిటినీ హాములు తమ ఇంటి లాగ్‌ల నుంచే పంపుకున్నారు.