ఇళ్ళలో ఆస్బెస్టాస్ తొలగింపు (ఆస్ట్రేలియా)

ఆస్బెస్టాస్ తొలగింపు అనగా కట్టడములలో ఉన్న ఆస్బెస్టాస్ (రాతినార) వస్తువులను ధూళి గాలిలో కలియకుండా విడదీసి, మూట గట్టి, ప్రభుత్వము అనుమతించిన స్థలములో పూడ్చివేయుట. ఆస్ట్రేలియాలో ఇది లైసెన్సు గల నిపుణులు చేయవలసిన పనిగా రూపొందినది. ఆ దేశములో 2003 డిసెంబరు 31 నుండి అన్ని రకముల ఆస్బెస్టాస్ దిగుమతి, తయారీ, వాడకము నిషేధింపబడినవి. అయితే అంతకు పూర్వము ఇళ్ళలో అమర్చినది అలాగే మిగిలి ఉన్నది. అక్కడి ఇళ్ళలో సుమారు మూడింట ఒక వంతులో ఏదో ఒక రూపమున ఆస్బెస్టాస్ ఉన్నదని అంచనా.

నేపథ్యము

ఆస్బెస్టాస్ అనునది సన్నని పోగులుగా విడిపోవు ఖనిజము. నిప్పుకు కాలదు, తుప్పు పట్టదు, చవకగా దొరుకును. అందువలన రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆస్ట్రేలియాలో దీనిని సిమెంటులో కలిపి చేసిన 'ఫైబ్రో' పలకలతో వేలాది ఇళ్ళు కట్టారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విట్టెనూమ్‌లో నీలి ఆస్బెస్టాస్ గని 1966లో మూతపడినది. అక్కడ పనిచేసిన కార్మికులలోను, వారి కుటుంబములలోను అనేకులు ఆ తరువాతి దశాబ్దములలో ఊపిరితిత్తుల వ్యాధులతో మరణించారు.

ప్రమాదము

పగుళ్ళు లేకుండా, రంగు వేసి, కదపకుండా ఉన్న ఆస్బెస్టాస్ పలక వలన ప్రమాదము చాలా తక్కువ. దానిని కోసినప్పుడు, రంధ్రము చేసినప్పుడు, విరిచినప్పుడు, గరుకు కాగితముతో రుద్దినప్పుడు కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. ఊపిరితో లోనికి పోయిన పోగులు శరీరములో కరగవు. వీటి వలన ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పై పొరకు వచ్చు మీసోథీలియోమా అను క్యాన్సర్ కలుగుతాయి. మీసోథీలియోమా సాధారణముగా 20 నుండి 40 సంవత్సరముల తరువాత, కొందరిలో ఇంకను ఆలస్యముగా బయటపడును. పని చేసిన నాడు దగ్గు గాని, నొప్పి గాని ఉండదు. కావున 'ఏమీ కాలేదు కదా' అన్న అనుభవము ఇక్కడ సాక్ష్యముగా పనికిరాదు. ఈ కారణము చేతనే ఈ పనిని చట్టము ఇంటివారి అంచనాకు వదలక నియమములకు లోబరచినది.

ఇంటిలో ఉండు చోట్లు

1990కి పూర్వము కట్టిన ఇళ్ళలో ఆస్బెస్టాస్ ఉండవచ్చునని భావించి మెలగవలెనని అక్కడి సంస్థలు సూచిస్తాయి. సాధారణముగా ఇది ఈ చోట్ల కనిపించును:

* గోడ పలకలు, ఇంటి చూరు కింది పలకలు, పైకప్పు రేకులు, ప్రహరీ
* స్నానాల గదిలో టైల్స్ వెనుక పలకలు
* పాత వినైల్ నేల పరుపు అడుగు పొర
* విద్యుత్ మీటరు అమర్చిన నల్లని పలక
* వేడినీటి గొట్టములకు చుట్టిన పొర

చూసినంత మాత్రమున దీనిని నిర్ధారించుట సాధ్యము కాదు. చిన్న నమూనాను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో పరీక్షించవలెను. నమూనా తీయు పనిని కూడ నిపుణునికి అప్పగించుట మంచిది.

రకములు, లైసెన్సులు

సిమెంటు వంటి గట్టి పదార్థములో పోగులు బిగిసి ఉన్నది బంధిత రకము. ఎండినప్పుడు చేతితో నలిపితే పొడియగునది రెండవ రకము. ఇది ఎక్కువ ప్రమాదకరము. వానకు, ఎండకు, అగ్నిప్రమాదమునకు గురియై శిథిలమైన బంధిత పలక కూడ పొడియగు రకముగా మారవచ్చును.

'ఎ' తరగతి లైసెన్సు గలవారు రెండు రకములను తొలగించవచ్చును. 'బి' తరగతి వారు బంధిత రకమును మాత్రమే తొలగించవలెను. 10 చదరపు మీటర్లకు మించని బంధిత ఆస్బెస్టాస్‌ను లైసెన్సు లేకుండ తీయుటకు చాలా రాష్ట్రములలో అనుమతి ఉన్నది. రాజధాని కాన్‌బెర్రా ప్రాంతములో ఈ మినహాయింపు లేదు.

నిపుణుని ఎంచుకొనుట

ముందుగా నిర్ణయించవలసినది తొలగింపు అవసరమా కాదా అన్న విషయము. మంచి స్థితిలో ఉన్న పలకకు రంగు వేసి, గుర్తించి, అప్పుడప్పుడు పరిశీలించుట చాలు. తొలగించుట తప్పనిసరి అయినప్పుడు గృహస్థు ఈ విషయములు అడిగి తెలుసుకొనవలెను:

* లైసెన్సు సంఖ్య, తరగతి. వీటిని సేఫ్‌వర్క్ ఎన్.ఎస్.డబ్ల్యు., వర్క్‌సేఫ్ విక్టోరియా వంటి రాష్ట్ర సంస్థల జాబితాలో సరిచూడవచ్చును.
* ఆస్బెస్టాస్ పనికి వర్తించు బీమా.
* వ్రాతపూర్వకమైన తొలగింపు ప్రణాళిక. పని ఆరంభమునకు కనీసము 5 రోజుల ముందు రాష్ట్ర సంస్థకు సమాచారము ఇచ్చుట లైసెన్సుదారుని బాధ్యత.
* వ్యర్థములను పూడ్చు చోటు, అక్కడ ఇచ్చు రసీదు.

మిగిలిన వారి కంటె చాలా తక్కువ ధర చెప్పువారు వ్యర్థములను ఎక్కడ వేయుదురో ప్రత్యేకముగా విచారించవలెను. పూడ్చుటకు రుసుము చెల్లించవలసి ఉండును గనుక దొంగచాటుగా పారవేయు వారు ఉన్నారు.

తొలగించు విధానము

పని జరుగు చోటును తాళ్ళతో, హెచ్చరిక పలకలతో వేరు చేస్తారు. ఇరుగుపొరుగు వారికి ముందుగా తెలియజేస్తారు. పనివారు పి2 లేదా అంతకు మించిన శ్రేణి ముసుగు, ఒక్కసారి వాడి పారవేయు దుస్తులు ధరిస్తారు. పలకలను తడిపి, మేకులు ఊడదీసి, వీలైనంత వరకు విరగకుండా దించుతారు. అధిక పీడనపు నీటిని గాని, వేగముగా తిరుగు కోత యంత్రములను గాని వాడరు. మామూలు చీపురు, ఇంటి వ్యాక్యూమ్ యంత్రము కూడ నిషిద్ధము. తీసిన వాటిని 200 మైక్రాన్ల మందము గల ప్లాస్టిక్‌లో రెండు పొరలుగా చుట్టి, పేరు అంటిస్తారు. పొడియగు రకమైతే ఆ భాగమును ప్లాస్టిక్ తెరలతో పూర్తిగా మూసి, గాలిలోని పోగులను కొలుస్తారు.

తనిఖీ

పని ముగిసిన తరువాత ఇంటిని తనిఖీ చేయువాడు తొలగించిన సంస్థకు చెందనివాడై ఉండవలెను. 'ఎ' తరగతి పనికి లైసెన్సు గల మదింపుదారుడు, 'బి' తరగతి పనికి అర్హత గల స్వతంత్ర వ్యక్తి పరిశీలించి ధ్రువపత్రము ఇస్తారు. గాలిని కొలిచిన చోట ఒక మిల్లీలీటరుకు పోగుల సంఖ్య 0.01 కంటె తక్కువ ఉండవలెను. ఈ పత్రము చేతికి రానంత వరకు ఆ భాగమును మరల వాడరాదు.

ఈ జాగ్రత్త అవసరమును కాన్‌బెర్రాలోని 'మిస్టర్ ఫ్లఫీ' ఇళ్ళ ఉదంతము తెలుపును. 1968 నుండి 1970ల చివరి వరకు అక్కడ వెయ్యికి పైగా ఇళ్ళ పైకప్పు కింద వేడిని ఆపుటకు ఆస్బెస్టాస్ పోగులను విడిగా నింపారు. 1988 నుండి 1993 వరకు ప్రభుత్వము వాటిని తొలగింపజేసినది. కాని గోడల సందులలో పోగులు మిగిలినట్లు తరువాత తేలినది. 2014లో ఆ ఇళ్ళను కొని కూల్చివేయు పథకమును ప్రకటింపవలసి వచ్చినది.

తెలుగువారికి సంబంధము

కడప జిల్లా పులివెందుల పరిసరములలో పూర్వము తెల్ల ఆస్బెస్టాస్ గనులు ఉండెడివి. భారతదేశములో తెల్ల ఆస్బెస్టాస్‌తో సిమెంటు రేకుల తయారీకి నిషేధము లేదు. తెలుగు ప్రాంతములలో రేకుల షెడ్లు, రేకుల ఇళ్ళు సర్వసాధారణము. రేకును రంపముతో కోయుట, మేకు కొట్టుట రోజువారీ పనులు. అటువంటి పరిసరములలో పెరిగి సిడ్నీ, మెల్బోర్న్ నగరములలో పాత ఇల్లు కొన్నవారికి చూరు కింది పలక భయము కలిగించదు. వారు స్నానాల గదిని గాని, వంటగదిని గాని మార్పు చేయుటకు ముందు పరీక్ష చేయించుట అవసరము. సొంత ఊరిలో పాత రేకులు దించవలసి వచ్చిన వారు కూడ వాటిని తడుపుట, విరగగొట్టకుండుట, పొడిగా ఊడ్వకుండుట, పిల్లలను దూరముగా ఉంచుట అను జాగ్రత్తలు పాటించవచ్చును.