విదేశపు మిరప – స్వదేశపు పంక్తి

కొరియా దేశపు వంటకములు నేడు మన నగరములందు విక్రయింపబడుచున్నవి. హైదరాబాదు వంటి పట్టణములలో వీధిమొగల యందు చిన్న చిన్న భోజనశాలలు వెలసి, ఆ దేశపు ఎఱ్ఱని కారపుముద్దను మన కోడికూరతోను, మన అన్నముతోను మేళవించి వడ్డించుచున్నవి. నగరము చూడని మా ముమ్మిడివరపు పిల్లలు సైతము కొరియా నాటకములను చేతిఫోనులలో చూచి, ఆ దేశపు సేమియా పొట్లములను అంగళ్ళలో కొని తినుచున్నారు. దీనిని చూచి పెద్దలు కొందఱు నొచ్చుకొనుచున్నారు. వర్ణసంకరమును గూర్చి వెనుకటివారు భయపడినట్లు, వీరు వంటసంకరమును గూర్చి భయపడుచున్నారు. ఈ భయమునకు చరిత్రయందు ఆధారము కలదా, కలదేని ఎంత యని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మన వంటింటినే పరీక్షింతము. తెలుగువాని భోజనమునకు కారము ప్రాణమని లోకప్రసిద్ధి. ఆ కారమునకు మూలమైన మిరపకాయ మన దేశమున పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టినది. 1492లో కొలంబసు ఆవలి సముద్రమును దాటుటయు, 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చెంత దిగుటయు, 1510లో పోర్చుగీసువారు గోవాను వశపఱచుకొనుటయు జరిగిన పిమ్మటనే అది మన తీరములను చేరెను. అంతకు పూర్వము కారమునకు మిరియములే దిక్కు. మనవారు క్రొత్త కాయకు మిరియముతో చుట్టరికము గల పేరు పెట్టి, దానిని ఇంటిదానినిగా చేసికొనిరి. కాకతీయుల నాటి తెలుగువానికి ఎఱ్ఱని ఆవకాయ తెలియదన్న మాట నేటివారికి వింతగా తోచును గాని, అది సత్యము.

మిరప యొక్కటియే కాదు. జామ, బొప్పాయి, అనాస, వేరుసెనగ, మొక్కజొన్న, బంగాళదుంప, టొమేటో – ఇవన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. సీతాఫలమునకు జానకీదేవి పేరు పెట్టుకొని, అది దండకారణ్యమున రాముడు తిన్న పండని మనము నమ్ముచున్నాము. దాని పుట్టినిల్లును అమెరికాయే. మా కోనసీమలో మోరి గ్రామమునకు పేరు తెచ్చిన జీడిపప్పు బ్రెజిలు దేశపు చెట్టు సంతానము. ఉదయమున లేచినది మొదలు మనము వెదకుకొను కాఫీ, అరబ్బుల నాటినుండి చేతులు మారుచు వచ్చినది. ఇవన్నియు తీసివైచిన యెడల మన విస్తరిలో మిగులున దేమి? బియ్యము, పప్పు, నేయి, పెరుగు, కొన్ని దుంపలు, కొన్ని ఆకుకూరలు మిగులును.

ఈ సంగతిని మన ఆచారమే ఒకచోట భద్రపఱచి యున్నది. తద్దినమునాడు మిరపకాయలు మాని మిరియములతో వండుకొను ఇండ్లు నేటికిని కలవు. ఆనాడు బంగాళదుంప, టొమేటో, క్యాబేజీ మొదలగునవి వర్జ్యములు. పితృదేవతలు ఎఱుగని వస్తువును వారికి పెట్టరాదని కాబోలు ఈ నియమము. ఏటి కొక్కదినము మన వంటిల్లు ఐదు వందల యేండ్లు వెనుకకు నడచి, మఱునాడు మరల ముందునకు వచ్చుచున్నది. తక్కిన దినములందు నిష్ఠాపరులు కూడ మెక్సికో కారమును, ఆండీసు కొండల దుంపను ఏ శంకయు లేక భుజించుచున్నారు.

కొరియావారి చరిత్రయు దీనికి భిన్నము కాదు. వారి కిమ్చీ యనునది ఉప్పులో ఊరి పులిసిన కూరగాయల పచ్చడి; అన్నముతో దానిని తినక వారికి పూట గడవదు. అది నేడు ఎఱ్ఱగా నుండును గాని పూర్వము తెల్లనిదే. 1592 మొదలు 1598 వఱకు జపానువారు ఆ దేశముపై దండెత్తిన కాలమునకు అటునిటుగా మిరప అక్కడికి చేరెను. 1614 నాటి తన గ్రంథమున యి సు-గ్వాంగ్ అను పండితుడు దానిని జపానునుండి వచ్చిన విషపు కాయగా పేర్కొనెను. పండితులు విషమన్నదానిని పామరులు రుచిగా గ్రహించిరి. పదునెనిమిదవ శతాబ్దమునాటికి ఆ కారము వారి ఊరగాయలలోను, సోయా చిక్కుళ్ళ ముద్దలోను చేరి స్థిరపడెను. అనగా మన ఆవకాయయు వారి కిమ్చీయు ఒక్క కాయకు పుట్టిన అక్కచెల్లెండ్రు. ఒకతె పడమటి తీరమున దిగినది, మఱియొకతె తూర్పు సముద్రము దాటినది. శీతకాలారంభమున కొరియా కుటుంబములు ఇరుగుపొరుగులతో గూడి చలికాలమునకు సరిపడు కిమ్చీ పెట్టుకొను ఆచారమును కిమ్‌జాంగ్ అందురు. 2013లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించెను. ఎండలు ముదిరిన పిదప మా వీధులలో కాయలు కొట్టి, ఆవపిండియు కారమును నూనెయు కలిపి జాడీల కెత్తు సందడిని ఎఱిగినవారికి ఆ దేశపు స్త్రీలు పరాయివారుగా తోపరు.

రెండు దేశముల వంటలను కలుపుట నేటివారి వేడుక మాత్రమే యనుకొనుటయు సరి కాదు. 1950 మొదలు 1953 వఱకు జరిగిన యుద్ధమున కొరియా ఛిన్నాభిన్నమై పోయెను. అప్పటి కఱవులో అమెరికా సైనిక శిబిరములనుండి వెలువడిన డబ్బా మాంసమును కిమ్చీతో కలిపి ఉడికించుకొని ఆ ప్రజలు ప్రాణములు నిలుపుకొనిరి. ఆ పులుసునకు నేటికిని సైనికపు పులుసనియే పేరు. నేడది రుచికై కోరి తిను వంటకమైనది. 2008లో లాస్ ఏంజెలిస్ నగరమున కొరియా మాంసమును మెక్సికో రొట్టెలో చుట్టి బండిమీద విక్రయింపగా నగరమంతయు దాని వెంట పడెను. కఱవు గాని, ఇరుగుపొరుగు గాని, రెండింటిలో నొకటి లేక ఏ వంటలును కలియలేదు. కావున వంటసంకరము క్రొత్తది కాదు; భయపడదగినదియు కాదు.

మఱి భయపడదగిన దేది? పంక్తి చరిత్రను చూచిన యెడల ఇది తెలియగలదు.

వెల యిచ్చి అన్నము తిను ఇండ్లు తెలుగునాట ప్రాచీనములే. ఓరుగల్లు వీధులను వర్ణించు క్రీడాభిరామమున లక్ష్మణవజ్ఝల యింటి పూటకూటి ప్రసక్తి కలదు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, నేయి, పండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు లభించెడివట. 1892లో మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ యొక ముఖ్యపాత్ర. ఆధారము లేని విధవకు ఆనాడు గౌరవముగా మిగిలిన బ్రతుకుతెరువు గరిటె యొక్కటియే. అందువలననే పలు పట్టణములందు ఇట్టి యిండ్లను స్త్రీలు నడపిరి. కాని బ్రాహ్మణుల పూటకూటి యింట ఇతరులకు పంక్తి లేదు. పిదప కాఫీ హోటళ్ళు వచ్చినవి. వానిలో ననేకములకు బ్రాహ్మణ కాఫీ హోటలనియే పలక. దక్షిణదేశపు రైలు స్టేషనులలో బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు గది యుండెను. తీవ్రమైన ఆందోళన జరిగిన పిమ్మట 1941లో గాని ఆ భేదము తొలగలేదు. పల్లెల టీ దుకాణములలో దళితులకు వేఱు గ్లాసు పెట్టు దురాచారము స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను దశాబ్దముల కొలది సాగెను.

చదువరు లొక్క క్షణము నిలిచి ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక. సప్తసముద్రములు దాటి వచ్చిన మిరపకాయకు మన వంటింటిలో పీట దొరకినది. ఆ మిరపను నాటి, కోసి, ఎండబెట్టి, బస్తాల కెత్తిన కూలివానికి అదే యింటి గడప దొరకలేదు. వస్తువునకు లేని మైల మనుష్యునకు వచ్చినది. మన సంఘము క్రొత్తదానిని ద్వేషించు సంఘమన్న మాట నిజము కాదు. అది రుచిని వెంటనే అంగీకరించును, మనుష్యుని మాత్రము తరముల తరబడి వాకిట నిలుపును.

ఈ వాకిటిని తెఱచుటకు పాటుపడినవారు ఎట్టి శిక్ష ననుభవించిరో మన గోదావరి తీరమే సాక్షి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు సంఘము వారిపై ప్రయోగించిన ఆయుధము అన్నపానములే. వంటవారు రాలేదు, నీరు తెచ్చువారు రాలేదు. వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి వంట చేసిరి. 1910లో ప్రకటితమైన ముత్యాల సరములయందు గురజాడవారు సహపంక్తి భోజనమును ప్రస్తావించుట ఆ కాలమునకు పెద్ద సాహసము. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు పున్నమి రాత్రులయందు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనములు చేయించిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన పదునైదవ అధికరణమున భోజనశాలల ప్రవేశమునకు కులము అడ్డు రాదని శాసించెను. పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసెను. 1955 నాటి చట్టము దానికి శిక్షలు విధించెను. ఇన్ని యేండ్ల పోరాటము, ఇందఱి కష్టము, ఇన్ని శాసనములు కలిసి మనకు సంపాదించిపెట్టినది, ఊరు పేరు అడుగక ఎవరైనను కుర్చీలో కూర్చుండగల సామాన్యమైన భోజనశాల. దాని విలువను మనము గుర్తింపవలెను.

కొరియా భోజనశాలలు మన రాష్ట్రమునకు వచ్చిన విధమును ఈ సందర్భముననే చెప్పవలెను. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండకు సమీపమున, 2017లో కుదిరిన ఒప్పందము ననుసరించి కొరియావారు కార్ల కర్మాగారమును కట్టిరి. 2019లో అందు ఉత్పత్తి మొదలయ్యెను. వచ్చిన ఉద్యోగుల కొరకు ఆ ప్రాంతమున వారి భోజనశాలలు తెఱవబడినవి. రాయలసీమ రాగిసంకటి ప్రక్కన కిమ్చీ చేరుట ఈ విధముగా సంభవించినది.

ఇటీవల హైదరాబాదున బంధువుల పేటలో అట్టి చిన్న కలగలుపు భోజనశాల నొకదానిని చూచు నవకాశము నాకు కలిగెను. ఇరుకైన గది, నాలుగైదు బల్లలు. వండువారు ఈశాన్య రాష్ట్రముల యువకులు. కొరియా పద్ధతి చొప్పున చిన్న చిన్న గిన్నెలలో నంజుళ్ళను బల్ల నడుమ నుంచిరి. కూర్చున్నవారందఱును వానినుండియే తీసికొనవలెను. ఎంగిలి విచారము చిన్ననాటినుండి గల నాకు చేయి కొంత జంకినది. వేఱు చెంచా నడుగగా నవ్వుచు తెచ్చి యిచ్చిరి. ఆరోగ్యమునకై ఎంగిలిని మానుట మంచిదే. దానికి చెంచా చాలును. కులమునకై మానుటకు మాత్రము ఎన్ని చెంచాలును చాలవు. కారపుముద్ద కలిపిన కోడికూర మా యింటి కూరకు దూరపు బంధువువలె నుండెను, రుచికరముగానే యుండెను. ప్రక్క బల్లలయందు కూర్చున్నవారి కులగోత్రములు ఎవరును అడుగలేదు. వండినవారి కులమును అంతకంటె అడుగలేదు.

కాని యింతటితో సంతోషించి ఊరకుండరాదు. అది రూకకు కొన్న సమత్వము. లక్ష్మణవజ్ఝల నాటినుండియు రూక గలవానికి కొంత చోటు దొరకుచునే యున్నది. నగరమున అజ్ఞాతకులస్థుడు వండిన అన్నమును ఆనందముగా తిని, పండుగకు స్వగ్రామమునకు వచ్చి, పేటలో పెండ్లి విందునకు పోవుటకు సంకోచించు విద్యావంతులను నేనెఱుగుదును. వారి నాలుక ప్రపంచయాత్ర చేసినది. వారి విస్తరి ఊరు దాటలేదు. 2022 ఏప్రిల్ 4న మా కోనసీమ ప్రత్యేక జిల్లా యయ్యెను. రాజ్యాంగ నిర్మాతయైన అంబేద్కరుని పేరును దానికి చేర్చదలచినందుకు ఆ మే 24న అమలాపురమున ప్రజాప్రతినిధుల యిండ్లు తగులబడినవి. కొబ్బరితోటల నీడను ఇంత ఉడుకు ఎక్కడ దాగియుండెనో మనము ఆలోచింపవలదా? పేరు పిమ్మట స్థిరపడినది. ఆ ఉడుకు చల్లారుట మాత్రము మన యిండ్లలో జరుగవలసిన పని.

దీనికి మార్గము పరదేశమునుండి తేనక్కఱలేదు. ఈ సీమలోనే లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) కాలువలు, ఏఱులు దాటి అలసివచ్చిన బాటసారులకు వేళ చూడక, కులము నడుగక, రూక గోరక అన్నము పెట్టిరని ఇంటింట చెప్పుకొందురు. వైనతేయ నదిపై కట్టిన క్రొత్త కాలువ వంతెనకు ఆమె పేరు. 2024 మొదలు మన రాష్ట్రమున బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే. 2001లో సుప్రీము కోర్టు ఇచ్చిన ఉత్తరువు వలన బడులలో వండిన అన్నము పెట్టుట దేశమంతట నిర్బంధమైనది. ఈ పంక్తి రూకతో కొన్నది కాదు, వేడుకకు చేరినది కాదు, ప్రతిదినమును జరుగునది. ఉపాధ్యాయులమైన మేము దీనిని కంటికి ఱెప్పవలె కాపాడవలెను. తల్లిదండ్రులు తమ పిల్లలను ఆ వరుసనుండి తప్పించి వేఱు డబ్బాలతో పంపు నలవాటును మానవలెను. వంటకు నియమింపబడిన తల్లి ఏ పేటనుండి వచ్చినదని విచారింపరాదు. పిల్లలు సాయంకాలము కొరియా సేమియా తినిన తినుదురు గాక. మధ్యాహ్నము ఎవరి ప్రక్కన కూర్చుండి తినిరో అది అడుగుడు. వంటకము లెప్పుడో కలిసిపోయినవి. ఇక కలియవలసినది విస్తళ్ళ వరుస.