బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు అంబాసిడర్

తెలుగునాట మోటారు వాహనాల తనిఖీ అధికారిని జనం చాలాకాలంగా ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అనే పిలుస్తున్నారు. చట్టంలో ఆ పేరు లేదు. అయినా తనిఖీ సారమంతా ఆ మాటలోనే ఉంది. బండి నడుస్తుందా అన్నది యజమాని చూసుకుంటాడు. ఆగుతుందా అన్నది ప్రభుత్వం చూడాలి. అద్దె వాహనాలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలని 1939 నాటి మోటారు వాహనాల చట్టం నిర్దేశించింది. 1988 చట్టంలోని 56వ సెక్షను ఆ నియమాన్ని కొనసాగించింది.

ఈ తనిఖీ చరిత్రను ఒకే ఒక కారు ద్వారా తెలుసుకోదలచినవారికి కోల్‌కతాను మించిన చోటు లేదు. 1942లో గుజరాత్ తీరాన ఓఖాలో ఆరంభమైన హిందుస్థాన్ మోటార్స్ 1948లో హుగ్లీ పడమటి గట్టున ఉన్న ఉత్తరపాడాకు తరలివచ్చింది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై 1950ల చివర అక్కడ రూపొందినదే అంబాసిడర్. తెల్లరంగులో అది మన కలెక్టరు కార్యాలయాల ముందు నిలిచింది; పసుపురంగులో కోల్‌కతా టాక్సీ అయింది.

టాక్సీ యజమానికి ఏటా వచ్చే తనిఖీ చిన్న పండుగ, పెద్ద ఖర్చు. బండికి రంగు వేయించాలి. తుప్పు పట్టిన రేకుకు అతుకు పెట్టించాలి. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, హారను, టైర్లు, మీటరు అన్నీ సరిచూసుకోవాలి. పొగ పరీక్ష పత్రం దగ్గర ఉంచుకోవాలి. బండి షెడ్డులో ఉన్న రోజులకు రాబడి సున్న. అంబాసిడర్‌కు ఇక్కడ ఒక వెసులుబాటు ఉండేది. దశాబ్దాలపాటు దాని ఆకృతి పెద్దగా మారకపోవడంతో మల్లిక్ బజారులో పాత విడిభాగాలు వెతికితే దొరికేవి, వీధి మెకానిక్కు చేతికి ఆ యంత్రం కంఠతా వచ్చి ఉండేది. కనుక పాతబడిన బండి కూడా పరీక్షలో నెగ్గేది. పరీక్ష అడిగేది బండి స్థితినే గాని వయసును కాదు.

2008లో ఆ లెక్క మారింది. వాయుకాలుష్యంపై దాఖలైన వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను మహానగరంలో తొలగించాలని ఆదేశించింది. 2009 ఆగస్టు నుంచి అది అమలయింది. సర్టిఫికెట్ చేతనున్న టాక్సీ సైతం పుట్టిన సంవత్సరాన్ని బట్టి రోడ్డు విడవవలసి వచ్చింది. యజమానులకు ఇది అన్యాయంగా తోచడం సహజం. కాని బ్రేకును తొక్కి చూడవచ్చు. రోజంతా కూడలిలో నిలబడిన పోలీసు ఊపిరితిత్తులను ఏ ఇన్‌స్పెక్టరూ తొక్కి చూడలేడు. కోర్టు వాదన పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు.

ఇక్కడొక వింత ఉంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడని సొంత కారుకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. దానితో బాడుగకు తిరగరాదు, నిత్యం నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు. 1968 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక నగరంలో నిర్వహిస్తూ వచ్చిన పాతకార్ల ర్యాలీ అటువంటిదే. అంటే 1960లలో ఉత్తరపాడాలో తయారై ఎవరి గ్యారేజీలోనో విశ్రమించిన అంబాసిడర్‌కు వయసు గౌరవమయింది. ఇంటిల్లిపాదినీ పోషించిన టాక్సీకి అదే వయసు దోషమయింది.

2014 మేలో ఉత్తరపాడాలో ఉత్పత్తి నిలిచిపోయింది. పదిహేనేళ్ల పరిమితితో లెక్కిస్తే చిట్టచివరి టాక్సీ గడువు 2029. ఎనిమిదేళ్లు దాటిన అద్దె వాహనానికి సర్టిఫికెట్ ఒక్క ఏడాదికే ఇస్తారు కనుక, అంతవరకు మిగిలిన ప్రతి బండీ ఏటా రంగు వేసుకొని ఇన్‌స్పెక్టరు ముందు నిలవవలసిందే.